సీజన్ మధ్యలో డిఫెన్స్ చతికిలబడిన ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఏం చెయ్యాలి?

ప్రశ్న ఇది: సీజన్ దాదాపు సగం అయిపోయింది, పాయింట్లు ఇచ్చెయ్యడంలో జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది, కొత్త ఆటగాళ్లు వచ్చే సూచన లేదు. ఉన్నవాళ్లతోనే డిఫెన్స్ బాగుపడుతుందా? పడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

బాగుపడుతుంది. మొదటి స్థానానికి ఎగబాకుతుందని కాదు గానీ, అట్టడుగు నుంచి మధ్యకు రావడం మాత్రం అయ్యే పనే. దానికి అడ్డొచ్చేది చాలాసార్లు "వీళ్లకి కసి లేదు" అనే తీర్పు. ఈ స్థాయిలో ఆడేవాళ్లలో నిజంగా బద్ధకస్తులు తక్కువ. సెంటర్ (రింగు కాసే పొడగరి) వెనక్కి తగ్గుదామనుకుంటాడు, గార్డ్ (బయట బంతి నడిపేవాణ్ని కాసేవాడు) స్విచ్, అంటే కాసే మనుషుల్ని మార్చుకోవడం, అనుకుంటాడు, మూలన ఉన్నవాడు వాళ్లిద్దరూ చూసుకుంటారులే అనుకుంటాడు, లేఅప్ (రింగు పక్కనుంచి వేసే తేలిక షాట్) పడిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకి అది బద్ధకంలా కనిపిస్తుంది. ఒకే పొజెషన్‌లో (బంతి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపు) ఐదుగురు ఐదు రకాలుగా ఆలోచిస్తే ఎంత పరిగెత్తినా ఇంతే. పైగా నేటి ఆటలో అన్నిటినీ ఆపడం ఎవరి తరమూ కాదు. ఏ షాట్ వదిలెయ్యాలో ముందే తేల్చుకోని జట్టు అన్నీ వదిలేస్తుంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క నిర్ణయాన్ని అమలు చెయ్యడం గురించే.

ముందు కొలత

ఆటకు ఎన్ని పాయింట్లు ఇచ్చారన్నది పక్కన పెట్టండి. వేగంగా ఆడే జట్టుకి ఆ సంఖ్య ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. 100 పొజెషన్లకు ఎన్ని ఇచ్చారో చూడాలి. పొజెషన్ల లెక్కకు అందరూ వాడే సూత్రం: ప్రత్యర్థి వేసిన షాట్లలోంచి వాళ్ల అఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన తమ షాట్‌ను తామే పట్టుకున్నవి) తీసెయ్యండి, టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలపండి, ఫ్రీ త్రోలను (ఫౌల్‌కు దక్కే అడ్డులేని షాట్లను) 0.44తో గుణించి అవీ కలపండి. ఉదాహరణకు ప్రత్యర్థి 88 షాట్లు వేసి, 10 అఫెన్సివ్ రీబౌండ్లు తీసి, 14 టర్నోవర్లు చేసి, 23 ఫ్రీ త్రోలు వేస్తే దాదాపు 102 పొజెషన్లు. అందులో 118 పాయింట్లు ఇస్తే 100 పొజెషన్లకు 115.6. అవే 118 పాయింట్లు 96 పొజెషన్లలో ఇస్తే దాదాపు 123. స్కోరుబోర్డు మీద రెండూ ఒకటే, డిఫెన్స్‌గా రెండింటికీ పోలికే లేదు.

తర్వాత ఆ సంఖ్యను విడగొట్టాలి. బాస్కెట్‌బాల్ గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు ఇప్పటికీ సరిపోతాయి: షాట్ల నాణ్యత, టర్నోవర్లు, రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. ఆయన వాటికి ఇచ్చిన తూకం సుమారుగా 40, 25, 20, 15 శాతం. షాట్ల నాణ్యతకు ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం చూడండి. పడ్డ షాట్లకు, పడ్డ త్రీలలో (గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) సగం కలిపి, మొత్తం షాట్లతో భాగించాలి. పై ఉదాహరణలో 42 షాట్లు పడి, వాటిలో 14 త్రీలైతే 49ని 88తో భాగించాలి, 55.7 శాతం వస్తుంది.

ఇక్కడ చాలామంది కోచ్‌లు పడే గోతి ఒకటుంది. ప్రత్యర్థి త్రీ శాతం చూసి బెంబేలెత్తిపోతారు. పది ఆటల్లో ప్రత్యర్థులు త్రీలు 41 శాతం వేశారంటే అందులో అదృష్టం పాలు చాలా ఎక్కువ. డిఫెన్స్ చేతిలో ఉన్నది ఎన్ని త్రీలు వేయనిచ్చామన్నది, ఎవరి చేత వేయించామన్నది, మూలనుంచా పైనుంచా అన్నది. పడిందా లేదా అన్నది కాదు. అందుకే శాతాలకంటే షాట్ల సంఖ్యనే పట్టుకోండి: రిమ్ (రింగు) దగ్గర ఎన్ని, కార్నర్ త్రీలు (కోర్టు మూలనుంచి వేసేవి) ఎన్ని, ఫ్రీ త్రోలు ఎన్ని. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) స్థాయిలో సుమారు లెక్కన రిమ్ దగ్గరి షాట్ విలువ 1.3 పాయింట్లు, కార్నర్ త్రీ 1.15, మధ్యదూరపు టూ (రెండు పాయింట్ల షాట్) 0.8 పైచిలుకు. రెండు ఫ్రీ త్రోలైతే 1.5కి పైనే. వదిలెయ్యాల్సింది ఏదో ఈ లెక్కే చెబుతోంది: చెయ్యి అడ్డం పెట్టి వేయించే మధ్యదూరపు టూ, ఆ తర్వాత బలహీన షూటర్ పైనుంచి వేసే త్రీ.

చివరిగా వీడియో. ఇటీవలి ఎనిమిది పది ఆటల్లో ఇచ్చిన ప్రతి లేఅప్పూ, ప్రతి కార్నర్ త్రీ, ప్రతి షూటింగ్ ఫౌలూ తీసి, మొదట ఎక్కడ చిల్లు పడిందో రాయండి: పరుగెత్తి వెనక్కి రాకపోవడమా, ఒంటరి డ్రైవ్‌ను (బంతితో రింగు వైపు దూసుకురావడాన్ని) ఆపలేకపోవడమా, స్క్రీన్ (డిఫెండర్ దారికి ఒంటితో అడ్డు నిలవడం) దగ్గరా, కట్ (బంతి లేకుండా రింగు వైపు పరుగు) దగ్గరా, పోయిన రీబౌండా, తప్పుడు క్లోజౌటా (షూటర్ మీదికి పరిగెత్తి అడ్డుకోవడమా). చివర్లో ఎవరు ఫ్రేములో ఉన్నాడన్నది రాయకండి. డంక్ తిన్న సెంటర్‌ని అందరూ తిడతారు. నిజానికి ఆ ఆట నాలుగు సెకన్ల ముందే, గార్డ్ స్క్రీన్‌కి అతుక్కుపోయినప్పుడే పోయింది. ఇలా రాస్తే నష్టంలో సగానికి పైగా రెండు మూడు కారణాల నుంచే వస్తోందని తేలుతుంది.

తొలి వారం: వెనక్కి పరుగు

ట్రాన్సిషన్ డిఫెన్స్‌తో, అంటే బంతి అవతలివాళ్లకు పోగానే వెనక్కి పరిగెత్తి ఆపడంతో, మొదలుపెట్టండి. దీనికి ప్రత్యేక ప్రతిభ అక్కర్లేదు, ఫలితం త్వరగా కనిపిస్తుంది. సర్దుకున్న డిఫెన్స్ మీద వేసే పొజెషన్ కంటే పరుగులో వచ్చే పొజెషన్ విలువ బాగా ఎక్కువ. మీ హాఫ్ కోర్ట్ డిఫెన్స్ ఎంత గొప్పదైనా, దాన్ని నిలబెట్టుకునే వ్యవధి దొరక్కపోతే వృథా.

షాట్ చేతిని వదిలిన క్షణంలో ఎవరు ఎక్కడికన్నది తేలి ఉండాలి. చాలా జట్లకు పనికొచ్చే ఏర్పాటు: ఇద్దరు గార్డులు వెంటనే వెనక్కి, ఒకడు లేక ఇద్దరు రీబౌండ్‌కి, మిగిలినవాడు ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి బంతి ఎటు పోతుందో చూసి కదులుతాడు. వెనక్కి వచ్చేటప్పుడు మొదటివాడు రిమ్ కాస్తాడు, రెండోవాడు బంతిని అడ్డుకుంటాడు, మూడోవాడు బంతికి దగ్గర్లోని వింగ్‌ను (కోర్టు పక్కన ఉన్నవాణ్ని) పట్టుకుంటాడు. ఎవరి మనిషి ఎవడన్నది ఆ మూడు సెకన్లలో మర్చిపోవాలి. తన మనిషి కోసం వెతుక్కుంటూ తన పక్కనుంచే బంతి పోతున్నా పట్టించుకోకపోవడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. ముందు దగ్గరున్నవాణ్ని పట్టుకుని, బంతి ఆగాక అవతలివైపు మాటలతో మార్చుకోవచ్చు.

మొదటి మూడు అడుగులే అసలు పరుగు. వీడియోలో అది చూడటం తేలిక: షాట్ రింగుకు తగిలే సమయానికి ఫ్రేము ఆపి, ఎంతమంది నడుము తిప్పి పరిగెత్తుతున్నారో లెక్కపెట్టండి. రిఫరీ వంక చేతులు చాచి నిలబడ్డవాణ్ని కూడా లెక్కలో వేసుకోండి, పేరుతో సహా. పరుగును ఫౌల్‌తో ఆపేద్దామంటే ఇప్పుడు కుదరదు. 2022-23 సీజన్ నుంచి ఎన్‌బీఏలో అలాంటి టేక్ ఫౌల్‌కు ఒక ఫ్రీ త్రో, పైగా బంతి కూడా వాళ్లకే. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ పడే ప్రమాదం ఉంది.

ట్రాన్సిషన్ ఎంత పాడైందో చూడాలంటే మీ అఫెన్స్ కూడా చూడాలి. గాల్లో వేసి పోగొట్టుకున్న పాస్‌కీ, బంతి గీత దాటిపోయిన టర్నోవర్‌కీ చాలా తేడా. మొదటిది నేరుగా అవతలివాళ్ల లేఅప్. డిఫెన్స్ కోచ్ అఫెన్స్ మీటింగులో కూర్చోవాల్సింది ఇందుకే.

పిక్ అండ్ రోల్: ఒకటే ప్రధానం, ఒకటే ప్రత్యామ్నాయం

పిక్ అండ్ రోల్ అంటే ఒకడు స్క్రీన్ పెట్టి, బంతి ఉన్నవాడు దాని పక్కనుంచి దూరాక తను రింగు వైపు దొర్లడం. దాన్ని ఆపే పద్ధతే కవరేజీ. కష్టాల్లో ఉన్న జట్టు ప్లేబుక్ తెరిస్తే నాలుగైదు రకాల కవరేజీలు ఉంటాయి, ఒక్కటీ సరిగ్గా రాదు. ఎన్‌బీఏలో 82 ఆటలు ఆరు నెలల లోపే అయిపోతాయి. సీజన్ మధ్యలో నిండు ప్రాక్టీసులు అరుదుగానే దొరుకుతాయి. అందుకే ఒక్క ప్రధాన కవరేజీ ఎంచుకోండి, దాన్ని బట్టీ పట్టించండి. దానికి తోడు ఒక్క ప్రత్యామ్నాయం. ఎంపిక కోచ్ అభిరుచిని బట్టి కాదు, మీ సెంటర్ కాళ్లను బట్టి జరగాలి.

పొడవైన, నెమ్మదైన సెంటర్ ఉంటే డ్రాప్. సెంటర్ స్క్రీన్ దగ్గరకు రాడు. రెండు మూడు అడుగులు కింద నిలబడి బంతినీ, రోల్ అయ్యేవాణ్నీ ఇద్దరినీ తన ముందే ఉంచుకుంటాడు. గార్డ్ స్క్రీన్ పైనుంచి దూరి, బాల్ హ్యాండ్లర్ (బంతి నడిపేవాడు) వీపుకు అంటుకుని వెనకనుంచి చెయ్యి వేస్తాడు. ఇద్దరూ కలిసి వాడి చేత మధ్యదూరపు టూ వేయించాలి. 2018-19లో కోచ్‌గా మైక్ బూడెన్‌హోల్జర్ వచ్చాక మిల్‌వాకీ బక్స్ చేసింది ఇదే. సెంటర్ బ్రూక్ లోపెజ్‌ను రిమ్ దగ్గర ఉంచారు, పైనుంచి వచ్చే త్రీలను చాలావరకు ఒప్పుకున్నారు, 100 పొజెషన్ల లెక్కలో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. అంతకు ముందు ఏడు 44 గెలుపులు, ఆ ఏడు 60. ఒకటి వదిలెయ్యడానికి సిద్ధపడ్డారు కాబట్టే మరొకటి దక్కింది.

డ్రాప్ ఎక్కడ చెడుతుందంటే, ముందుగా గార్డ్ దగ్గర. స్క్రీన్ వచ్చే ముందే బాల్ హ్యాండ్లర్‌కి ఒంటిని ఆనించి, లోపలి కాలు స్క్రీన్ పైకి వేస్తే దూరిపోవచ్చు. ఒక చేతి దూరంలో నిలబడితే స్క్రీన్ పూర్తిగా తగులుతుంది, సెంటర్ ఇద్దరితో ఒంటరి అవుతాడు. సెంటర్ చేసే తప్పు ఇంకోటి: రింగు కిందిదాకా వెనక్కి పోవడం. అప్పుడు డ్రైవ్ చేసేవాడికి పరుగందుకునే జాగా దొరుకుతుంది. నడుము తిప్పకుండా, అరచేతులు పైకి పెట్టి, చిన్న చిన్న అడుగులతో తగ్గాలి. ఎదుటివాడు బంతి ఎత్తేదాకా తన నిర్ణయం చెప్పకూడదు. డ్రిబుల్ మీదనుంచే త్రీ వేసే గార్డ్ ఎదురైతే డ్రాప్ చేతులెత్తేస్తుంది. అలాంటివాడికి సెంటర్‌ను స్క్రీన్ ఎత్తుకు తీసుకురావాలి. ఇదే మీ ప్రత్యామ్నాయం కావచ్చు.

పక్కగీత దగ్గర జరిగే పిక్ అండ్ రోల్‌కు ఐస్. గార్డ్ తన ఒంటిని స్క్రీన్‌కూ బంతికీ మధ్య అడ్డంగా పెట్టి, బంతిని మధ్యలోకి రానివ్వకుండా గీత వైపు, కిందికి తోస్తాడు. అక్కడ సెంటర్ కాచుకుని ఉంటాడు. 2007-08లో టామ్ థిబొడో సహాయ కోచ్‌గా ఉన్న బోస్టన్ సెల్టిక్స్ డిఫెన్స్‌తో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. బంతి ఉన్నవైపు మనుషుల్ని గుమికూర్చి మధ్యదారి మూసెయ్యడం దాని పద్ధతి. ఆ జట్టుకు కెవిన్ గార్నెట్ లాంటి గొప్ప డిఫెండర్ ఉన్నాడు నిజమే. కానీ బంతిని ఒకే వైపు ఉంచడమన్నది ఏ జట్టైనా నేర్చుకోగలిగేదే. ఇందులో చెడేది ఎక్కువగా మాట. స్క్రీన్ పెట్టడానికి వస్తున్నవాణ్ని మొదట చూసేది సెంటర్, కాబట్టి అరవాల్సిందీ సెంటరే. అదీ స్క్రీన్ తగలకముందు. తగిలాక అరిస్తే గార్డ్ సగం తిరిగి ఉంటాడు, బంతి మధ్యలోంచి దూసుకుపోతుంది. స్క్రీన్ పెట్టినవాడు రోల్ కాకుండా బయటికి జరిగి త్రీ వేసే రకమైతే ఐస్ బలహీనం. పక్కనున్న డిఫెండర్ ఒక అడుగు వేసి వెనక్కి వచ్చే ఏర్పాటు కావాలి.

ఐదుగురూ ఇంచుమించు ఒకే ఎత్తు, ఒకే వేగం ఉంటే స్విచ్. డ్రేమండ్ గ్రీన్‌తో గోల్డెన్ స్టేట్ జట్టు దీన్ని ఒక ఆయుధంగా మార్చాక అందరూ ఎగబడ్డారు, సరిపడని జట్లు కూడా. స్విచ్ అంటే ఆలోచన తక్కువ అనుకుంటారు గానీ అది సోమరి స్విచ్. ఇద్దరు డిఫెండర్లూ దాదాపు ఒళ్లూ ఒళ్లూ తగిలేంత దగ్గరగా కలిసి మారాలి. మధ్యలో సందుంటే స్క్రీన్ పెట్టేవాడు దాన్లోంచే జారిపోతాడు. ఆ తర్వాత చిన్న గార్డ్ మీద పెద్దవాడు పడితే గార్డ్ వాడి ముందుకు వచ్చి పాస్‌ను అడ్డుకోవాలి. బంతి గాల్లో లేని క్షణం చూసి వెనకనుంచి ఇంకో పొడగరి ఆ గార్డ్‌ను బయటికి తోసి తను దిగాలి. ఇది నేర్పకుండా స్విచ్ మొదలుపెడితే పోస్టులో (రింగు దగ్గర) ఫౌల్స్, పోయిన రీబౌండ్లు మిగులుతాయి.

బంతి మీదికి ఇద్దర్ని పంపే హెడ్జ్, బ్లిట్జ్ గురించి ఒక హెచ్చరిక. ఓడిపోతున్న జట్టుకు ఇవి బాగా నచ్చుతాయి, ఎందుకంటే చురుగ్గా ఆడుతున్నట్టు కనిపిస్తుంది. కానీ బంతి మీద ఇద్దరుంటే వెనక నలుగురికి ముగ్గురే. ఆ ముగ్గురి రొటేషన్ (ఒకరి చోటు ఒకరు భర్తీ చెయ్యడం) తప్పకుండా వచ్చే జట్టైతే అట్టడుగున ఉండేదే కాదు. ఆటలో ఐదారు పొజెషన్లకు, టైమౌట్ తర్వాతో, ఒకే ఒక్కడు ఆడేస్తున్నప్పుడో వాడండి.

వీక్ సైడ్ కిందివాడు

పిక్ అండ్ రోల్‌లో ఇద్దరు సరిగ్గా ఉన్నా, డిఫెన్స్ బతికేది చచ్చేది మూడోవాడి మీద. బంతికి అవతలివైపు, రింగుకు అందరికంటే దగ్గర్లో ఉన్న డిఫెండర్‌ను లో మ్యాన్ అంటారు. సాధారణంగా అవతలి మూలన ఉన్న షూటర్‌ను కాస్తున్నవాడే.

ఒక పొజెషన్‌ను నెమ్మదిగా చూద్దాం. బంతి పైన మధ్యలో ఉంది. స్క్రీన్ తగిలింది, బాల్ హ్యాండ్లర్ కుడికి తిరిగాడు. మీ సెంటర్ వాణ్ని ఆపడానికి ఒక అడుగు ముందుకేశాడు. స్క్రీన్ పెట్టినవాడు రింగు వైపు దొర్లుతున్నాడు. ఎడమవైపు ఇద్దరు షూటర్లు: ఒకడు మూలన, ఒకడు వింగ్‌లో. బాల్ హ్యాండ్లర్ భుజం స్క్రీన్ దాటిన క్షణంలోనే ఎడమ మూలనున్న మీ లో మ్యాన్ పెయింట్‌లో (రింగు ముందు రంగు పూసిన చోట) ఉండాలి, రోల్ అయ్యేవాడి ఛాతీకి ఎదురుగా. పాస్ గాల్లోకి లేచాక బయల్దేరితే ఆలస్యమే, మిగిలేది ఫౌల్ లేదా డంక్. రిమ్ కింద ఉన్న అర్ధవృత్తం బయటే ఎదురుపడాలి. అది ఎన్‌బీఏలో 4 అడుగులు, ఫీబాలో 1.25 మీటర్లు. లోపల కాళ్లు పెట్టి ఛార్జ్ (ఢీకొట్టినవాడి మీద పడే ఫౌల్) తీసుకుందామంటే విజిల్ మీ మీదికే వస్తుంది. చేతులు నిటారుగా పైకి, కిందికి కొట్టొద్దు.

ఇప్పుడు ఎడమవైపు ఇద్దరు షూటర్లకు ఒక్క డిఫెండరే మిగిలాడు, వింగ్‌ను కాస్తున్నవాడు. తన మనిషికి అంటుకుని ఉంటే ఖేల్ ఖతం. అతను ఇద్దరి మధ్యలోకి, కాస్త కిందికి జారాలి. బంతి మూలకు వస్తే అతనే మూలకు పరిగెత్తాలి, లో మ్యాన్ పెయింట్‌లోంచి బయటికి వచ్చి వింగ్‌ను పట్టుకోవాలి. ఇద్దరి దారులూ కత్తెరలా దాటుకుంటాయి. చాలా జట్లలో ఏం జరుగుతుందంటే, లో మ్యాన్ "నా మనిషి మూలన ఉన్నాడు" అని మళ్లీ మూలకే పరిగెడతాడు, వింగ్‌వాడూ అక్కడికే వస్తాడు. ఇద్దరూ ఒకణ్ని కాస్తారు, వింగ్ ఖాళీ.

దీనికి తోడు ఒక నిషేధం: బంతి ఉన్నవైపు మూలనుంచి సాయానికి రాకూడదు. అక్కడినుంచి వస్తే ఖాళీ షూటర్ ఒక్క పాస్ దూరమే, ఆ మూలన త్రీ గీత ఎన్‌బీఏలో 22 అడుగులే, పైన 23 అడుగుల 9 అంగుళాలు. డిఫెండర్లు అలవాటుకొద్దీ డ్రైవ్ ఎదురుగా కనిపించగానే చెయ్యి పెడతారు. ఆ ఒక్క అలవాటు మాన్పితే కార్నర్ త్రీల సంఖ్య దిగడం కొన్ని ఆటల్లోనే కనిపిస్తుంది. ఫ్రీ త్రో గీత మధ్యలో నిలబడే డిఫెండర్ మాత్రం ఒక అడుగు వేసి, బంతి మీద చెయ్యి ఆడించి, వెంటనే వెనక్కి రావచ్చు. అదీ డ్రిబుల్ చేసేవాణ్ని తడబాటు పెట్టడానికే, ఆపడానికి కాదు.

ఎన్‌బీఏలో ఇంకో చిక్కుంది. జోన్‌ను (మనిషిని కాక చోటును కాసే డిఫెన్స్‌ను) అనుమతించిన 2001-02 నుంచే డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ నియమం కూడా ఉంది. ఎవర్నీ చేతి దూరంలో కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లు మించి ఉంటే టెక్నికల్ ఫ్రీ త్రో. అందుకని లో మ్యాన్ పెయింట్‌లో కాపురం పెట్టకుండా, ఒక కాలు బయటికి తీసి మళ్లీ పెట్టే లయ నేర్చుకోవాలి. ఫీబా ఆటలో ఈ బెడద లేదు. అక్కడి కోచ్ తన సెంటర్‌ను రిమ్ దగ్గరే నిలబెట్టొచ్చు, అందుకే ఎన్‌బీఏ పథకాలను అక్కడికి ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకుపోవడం అనవసరం.

క్లోజౌట్ ఈ మొత్తంలో చివరి అంచె. మూడింట రెండు వంతుల దూరం పూర్తి వేగంతో, మిగిలింది పొట్టి అడుగులతో, ఒక చెయ్యి పైన. ప్రత్యర్థి షూటర్లను ఆటకు ముందే మూడు గుంపులుగా విడగొట్టండి: గీత దగ్గర నిలబడనివ్వకూడనివాళ్లు, చెయ్యి అడ్డం పెడితే చాలనేవాళ్లు, వదిలెయ్యదగినవాళ్లు. మూడో గుంపువాడి మీదికి ఎగిరి దూకే డిఫెండర్ ఇద్దరికి పని పెడతాడు. డ్రైవ్‌ను ఎటు పంపాలన్నదానికీ జట్టుకంతా ఒకటే నియమం ఉండాలి. మధ్యకు పోనివ్వకుండా అడుగుగీత వైపు పంపడం బలహీన జట్లకు సులువు, సాయం ఎక్కణ్నుంచి వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి.

ఫౌల్స్, రీబౌండ్లు

ఇక్కడ కొత్త విషయమేమీ లేదు. క్వార్టర్‌లో జట్టు చేసే ఐదో ఫౌల్ నుంచి ప్రతి చిన్న తగులుడుకూ ఫ్రీ త్రోలే. కాబట్టి క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాల్లో బంతి లాక్కోబోయి చేసిన ఫౌల్స్‌ను విడిగా లెక్కపెట్టండి. అవి మానుకోదగినవి. ఎత్తుగా, చేతులు పైకెత్తి ఆపేటప్పుడు పడే ఫౌల్స్‌ను తప్పుపట్టకండి. రెండూ ఒకే గాటన కట్టి తిడితే ఆటగాళ్లు రిమ్ కాయడమే మానేస్తారు.

డిఫెన్సివ్ రీబౌండ్లు నాలుగింట మూడైనా దక్కకపోతే పై కష్టమంతా బూడిదలో పోసినట్టే. ప్రత్యర్థి అఫెన్సివ్ రీబౌండ్ తీస్తే షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికి గడువు) 14 సెకన్లకు తిరుగుతుంది, మీ డిఫెన్స్ అప్పటికే చెదిరి ఉంటుంది. స్విచ్ ఎక్కువగా ఆడితే సెంటర్ బయట ఉంటాడు, కనుక రీబౌండ్ గార్డుల బాధ్యత. ముందు ఒంటితో అవతలివాణ్ని తాకాలి, ఆ తర్వాతే బంతి వంక చూడాలి. గార్డుల్లో చాలామంది బంతినే చూస్తూ ఆగిపోతారు.

ప్రాక్టీసు ఎలా

నాలుగు వారాల క్రమం పెట్టుకోండి. మొదటి వారం ట్రాన్సిషన్, పిలుపు మాటలు. రెండో వారం ప్రధాన కవరేజీ. మూడో వారం లో మ్యాన్, కత్తెర రొటేషన్. నాలుగో వారం ప్రత్యామ్నాయం. ముందుది కుదరకుండా తర్వాతిదానికి పోకండి, వారం జరిగితే జరిగింది.

నిండు ప్రాక్టీసు దొరికిన రోజున నలుగురికి నలుగురు షెల్ డ్రిల్‌ను పిక్ అండ్ రోల్‌తో 12 నుంచి 15 నిమిషాలు ఆడించండి. ఖాళీ షెల్, అంటే బంతి చుట్టూ తిప్పుతూ అందరూ జరగడం, ఈ స్థాయిలో నిద్ర తెప్పిస్తుంది. అఫెన్స్‌కు ముందే ఒక అడుగు ఆధిక్యం ఇచ్చి మొదలుపెట్టండి: గార్డ్ స్క్రీన్‌లో ఇరుక్కున్నట్టు, లేదా క్లోజౌట్ ఆలస్యమైనట్టు. స్కోరు కూడా వేరేగా లెక్కించండి. ఆపినా, సెంటర్ పిలుపు స్క్రీన్‌కి ముందు వినపడకపోతే పాయింటు లేదు. మధ్యదూరపు టూ పడినా, చెయ్యి అడ్డం ఉంటే డిఫెన్స్‌కే పాయింటు. ఏది వదిలెయ్యాలన్న నిర్ణయం ఆటగాళ్ల ఒంటికి పట్టేది ఇలాగే, బోర్డు మీద రాస్తే కాదు.

ఆట ఉన్న రోజు ఉదయం 20 నిమిషాల నడక చాలు: ఆ రాత్రి ఎదురయ్యే రెండు మూడు స్క్రీన్లు, ఐదుగురి స్థానాలు. వీడియోలో పన్నెండు క్లిప్పులు మించనివ్వకండి. వాటిలో మూడో నాలుగో సరిగ్గా ఆడినవి ఉండాలి, సరైనది ఎలా ఉంటుందో కంటికి తెలియాలి కదా. అందులో పేరున్న స్కోరర్ చేసిన తప్పు కనీసం ఒకటైనా చూపించండి. అతణ్ని వదిలేసి బెంచ్‌వాణ్ని నిలదీసిన రోజున మిగతావాళ్లు వినడం మానేస్తారు.

మాటలు పొట్టిగా, ఒక్కోదానికి ఒక్కటే అర్థం. కొత్త జట్టునుంచి వచ్చినవాడు ఒకే కవరేజీని వేరే పేరుతో పిలుస్తుంటాడు. వచ్చిన మొదటి రోజే మీ మాటలు నేర్పండి. సెంటర్ నోరు తెరవని రకమైతే "గట్టిగా మాట్లాడు" అంటూ పోరడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ క్షణంలో ఏ మాట అన్నది నిర్దిష్టంగా ఇచ్చి, అది వినపడిందా లేదా అని లెక్కపెట్టండి.

ఎవరు ఎవరితో

బలహీన డిఫెండర్‌ను ప్రత్యర్థిలో బంతి ముట్టని వాడి మీద పెట్టి దాచడం పాత ఉపాయం. ఇప్పుడు ప్రత్యర్థులు వాడినే స్క్రీన్‌లోకి లాగుతారు. దానికి రెండు జవాబులు. స్క్రీన్ వచ్చే ముందే అవతలివైపు ఇంకొకడితో మారిపోవడం ఒకటి. స్విచ్ కాకుండా ఒక్క అడుగు బయటికి వేసి, గార్డ్ తిరిగి వచ్చేదాకా బంతిని ఆపి, తన మనిషి దగ్గరకు పోవడం రెండోది. ఇద్దరు పొట్టి గార్డులను కలిపి ఆడించే నిమిషాలు కత్తిరించండి. ఇద్దర్ని దాచే చోటు కోర్టులో లేదు. మంచి రిమ్ ప్రొటెక్టర్ ఒక్కడే ఉంటే, అతను బెంచ్ మీద ఉన్న నిమిషాలకు విడిగా ఒక పథకం కావాలి, బహుశా స్విచ్, లేదా జోన్.

జోన్‌ను మందుగా వాడండి, భోజనంగా కాదు. టైమౌట్ తర్వాతా, పక్కగీత నుంచి బంతి వేసేటప్పుడూ నాలుగైదు పొజెషన్లు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) ఆడితే ప్రత్యర్థి లయ తప్పుతుంది. ఎక్కువైతే రీబౌండ్లు పోతాయి, ఎందుకంటే ఎవరు ఎవర్ని బాక్స్ ఔట్ చెయ్యాలో (ఒంటితో రీబౌండ్‌కు రాకుండా అడ్డుకోవాలో) తెలియదు. 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో ఆట చివర్లో టొరాంటో జట్టు, గోల్డెన్ స్టేట్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ మీద బాక్స్ అండ్ వన్ (ఒకడు అతణ్నే వెంటాడటం, నలుగురు జోన్ కాయడం) ఆడింది. అతని జట్టులో క్లే థాంప్సన్ గాయంతో బయటికి వెళ్లాడు, కెవిన్ డ్యురాంట్ లేడు, కనుక మిగతా నలుగురిని వదిలెయ్యగలిగింది. ఆ లెక్క లేకుండా దాన్ని అనుకరిస్తే నవ్వులపాలే.

ఎప్పుడు మారుతుంది

పాయింట్లు కదలడానికి ముందే వేరేవి కదులుతాయి: ట్రాన్సిషన్‌లో ఇచ్చిన పొజెషన్లు, రిమ్ దగ్గరి షాట్లు, కార్నర్ త్రీలు, ఫ్రీ త్రోలు. పది పన్నెండు ఆటలకు ఈ నాలుగింటినే గోడకు రాసి పెట్టండి. అవి దిగుతూ, ప్రత్యర్థి పైనుంచి త్రీలు బాగా పడి ఓడిపోతే కవరేజీ జోలికి పోకండి. యాజమాన్యం ఒత్తిడి చేసే సమయం సరిగ్గా ఇదే, కోచ్‌లు మంచి పథకాన్ని చేతులారా పాడుచేసుకునేదీ ఇప్పుడే. పెద్ద ఆటగాడు వచ్చినా సమయం పడుతుంది. డిఫెన్స్‌కు పేరున్న సెంటర్ రూడీ గోబేర్ 2022 వేసవిలో మినెసోటా జట్టుకు వచ్చాడు, ఆ జట్టు డిఫెన్స్‌లో లీగ్‌కు మొదటిదైంది 2023-24లో.

అదే పది పన్నెండు ఆటల తర్వాత రిమ్ దగ్గరి షాట్లు అలాగే ఉంటే మాత్రం ఓపిక పట్టి లాభం లేదు. ఆ లేఅప్‌ల వీడియో మళ్లీ తియ్యండి. లో మ్యాన్ సమయానికి వచ్చినా షాట్ పడుతుంటే చిల్లు బంతి దగ్గరే ఉంది. గార్డ్‌ను మార్చండి, లేదా సెంటర్‌ను ఒక అడుగు పైకి తీసుకురండి. లో మ్యాన్ అసలు రావడమే లేదంటే అక్కడున్న మనిషిని మార్చండి, కవరేజీని అలాగే ఉంచండి.